నిర్బంధ సైనిక శిక్షణలో రోజును సర్దుకోవడం, స్నేహాలను నిలుపుకోవడం

చట్టం ప్రకారం సైన్యంలో చేరి తీరాలని పిలుపు ఉత్తరం వచ్చిన ఇంట్లో ముందుగా మొదలయ్యేది శరీరం గురించిన బెంగ. ఎంత దూరం పరుగెత్తిస్తారో, ఎన్ని పుష్-అప్‌లు తీయిస్తారో, ఎంత బరువు మోయిస్తారో అని ఉత్తరం అందుకున్నవారు, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులు, తెలిసినవారినల్లా అడుగుతూ ఉంటారు. ఆ బెంగలో న్యాయం ఉంది గాని, పరుగు, బరువు, గురి అన్నీ శిబిరమే మెట్టు మెట్టుగా నేర్పుతుంది. అందుకోసమే అక్కడ శిక్షకులు ఉంటారు. తాము కోరుకోని చోట, తాము ఎంచుకోని మనుషులతో, ఒకే గదిలో వారాల తరబడి పడుకొని లేవడం ఎలాగో మాత్రం ఎవరూ పాఠంగా చెప్పరు. నేను ఆ శిక్షణ పూర్తిచేసినవాణ్ణి. అప్పట్లో నాకు ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే బాగుండేదనిపించిన సంగతులనే ఇక్కడ రాస్తున్నాను.

నిర్బంధ సైనిక సేవ ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉంటుంది. ఫిన్లాండ్‌లో అది 165, 255 లేదా 347 రోజులు. కొత్తవారు ఏటా జనవరిలోనూ జూలైలోనూ చేరతారు. దక్షిణ కొరియా సైన్యంలో 18 నెలలు, సింగపూర్‌లో రెండేళ్ళు. సింగపూర్‌లో ఆ దేశ పౌరులతో పాటు రెండో తరం శాశ్వత నివాసులైన మగపిల్లలు కూడా చేరవలసిందే. స్విట్జర్లాండ్‌లో ఎక్కువ మందికి తొలి శిక్షణ 18 వారాలు. నార్వేలో 2015 నుంచి ఈ చట్టం ఆడవారికీ మగవారికీ సమానంగా వర్తిస్తోంది. ఈ తేడాలన్నీ మీరు లెక్కపెట్టుకునే రోజుల సంఖ్యను మారుస్తాయి. తెల్లవారుజామున లైట్లు వెలగడం, పరుపు సర్దడం, వరుసలో నిలబడటం, నడవడం, తుడవడం, మళ్ళీ తుడవడం, అలిసి పడుకోవడం అనే దినచర్య మాత్రం దాదాపు ఎక్కడైనా ఒకటే.

ఈ దినచర్య నుంచి నేను నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్పగలను. మీ పనులను మీకిచ్చిన సమయం కంటే ఐదు నిమిషాలు ముందే ముగించే ఏర్పాటు చేసుకొని, మిగిలిన ఆ ఐదు నిమిషాలను పక్క మంచం మనిషికి ఇవ్వండి. శిక్షణలో నాకు దొరికిన స్నేహాలన్నీ అలా మిగిలిన నిమిషాల్లోనే మొదలయ్యాయి. అందుచేత స్నేహం గురించి చెప్పడానికి ముందు ఆ నిమిషాలు ఎలా మిగులుతాయో చెప్పాలి.

ఉదయం ముందు రాత్రే మొదలవుతుంది

మొదటి వారంలో అందరినీ కుదిపేసేది తొందర. నిద్ర లేపిన క్షణం నుంచి వరుసలో నిలబడే క్షణం వరకు చేతిలో ఉండేవి కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లోనే గదిలో ఉన్నవారందరూ ఒకే అద్దం ముందుకు, ఒకే మరుగుదొడ్డి గుమ్మం ముందుకు చేరతారు. అప్పుడు వెతుక్కోవడం మొదలుపెట్టినవారికి ఇక ఆ రోజంతా పరుగే. కాబట్టి పడుకునే ముందు పది నిమిషాలు కేటాయించి, మరునాటి యూనిఫాంను వేసుకునే వరుసలోనే పేర్చి పెట్టుకోండి. అంటే అన్నిటికంటే ముందు వేసుకునేది అన్నిటికంటే పైన ఉండాలి. సాక్స్ ఒక్కొక్కటి ఒక్కొక్క బూటులోనే ఉండాలి. బూటు లేసులను పాదం సులువుగా దూరేంత వదులు చేసి ఉంచండి; బిగించిన లేసును చీకట్లో వదులు చేయడానికి పట్టే సమయం, దాన్ని కట్టుకోవడానికి పట్టే సమయం కంటే ఎక్కువ. నీళ్ళ సీసాను రాత్రే నింపండి. గుర్తింపు బిళ్ళ, పెన్ను, చిన్న నోటు పుస్తకం, చేతి రుమాలు ఏ జేబులో ఉండాలో ఒకసారి నిర్ణయించుకున్నాక శిక్షణ ముగిసేదాకా మార్చవద్దు. అనుమతి ఉన్న చోట గడ్డం కూడా రాత్రే గీసుకుంటే, ఉదయం అద్దం దగ్గర మీకు పనే ఉండదు.

ఇదంతా మొదటి మూడు రాత్రులు కళ్ళు మూసుకొని ఒకసారి తడిమి చూసుకోండి. పిల్లచేష్టలా అనిపించవచ్చు గాని, రాత్రిపూట హఠాత్తుగా లేపి వరుసలో నిలబెట్టే అభ్యాసాలు చాలా శిబిరాల్లో ఉంటాయి. ఆ సమయంలో లైటు వెలగకపోవచ్చు, వెలిగినా నిద్రకళ్ళకు ఏమీ ఆనదు. వేళ్ళకు తెలిసిన చోటు ఉంటే మనసు కంగారుపడదు.

పరుపు సర్దడం విషయంలో ఒంటరిగా పోరాడవద్దు. నా పక్క మంచం అతను దుప్పటి మూలలను ఎంత నేర్పుగా మడిచేవాడంటే, వేలాడే అంచును పైకెత్తి పరుపు మీద త్రికోణంలా వాల్చి, కింద మిగిలిన భాగాన్ని లోపలికి దోపి, పైనున్నదాన్ని కిందికి దించి మళ్ళీ దోపేసరికి ఆ మూల కత్తితో కోసినట్టు వచ్చేది. నాకు ఎన్నిసార్లు చేసినా అక్కడ ఒక ముడత మిగిలేది, తనిఖీకి వచ్చిన శిక్షకుడి కన్ను సరిగ్గా దాని మీదే పడేది. మూడో రోజు ఉదయం అతను ఏమీ అనకుండా నా మంచానికి అవతలి వైపు నిలబడి దుప్పటి అంచు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి నా మంచం, తర్వాత అతని మంచం సర్దాం. ఒక మనిషి మంచం చుట్టూ నాలుగుసార్లు తిరిగి చేసే పనిని ఇద్దరు నిలబడిన చోటు నుంచి కదలకుండా చేయవచ్చునని అప్పుడే తెలిసింది. విడివిడిగా చేసుకున్నప్పటికంటే రెండు మంచాలూ తొందరగా అయిపోయాయి. మా మధ్య మొదటి సంభాషణ ఆ దుప్పటి మీదుగానే జరిగింది. సాయంత్రం రైఫిల్ విడదీసి తిరిగి బిగించడంలో చేతులు తడబడేది అతనికి. ఆ పని నాకు బాగా వచ్చేది. ఇక అక్కడి నుంచి లెక్క ఎవరూ చూసుకోలేదు.

పాదాల దగ్గర సిగ్గు పడకూడదు

శిక్షణలో ఎక్కువ మందిని వెనక్కి లాగేది కాళ్ళే, అందులోనూ పాదాలు. కొత్త బూట్లు చేతికి వచ్చిన వెంటనే వాటిని ఖాళీ వేళల్లో కూడా వేసుకొని నడవండి. రెండు జతలు ఇస్తే రోజు మార్చి రోజు వాడండి, అప్పుడే లోపలి చెమట పూర్తిగా ఆరుతుంది. సుదీర్ఘమైన నడకలో పాదం మీద ఒక చోట వెచ్చగా, చిన్న మంటలా అనిపిస్తే అది బొబ్బకు ముందు వచ్చే సూచన. ఆగే అవకాశం దొరికిన మొదటి క్షణంలోనే బూటు విప్పి అక్కడ అతికే టేపు ముడత లేకుండా వేయాలి. "ఇంకో గంట ఓర్చుకుందాం" అని బిగపట్టినవారికి ఆ గంట మూడు రోజుల కుంటుడు అవుతుంది. బొబ్బ వచ్చాక దాని పైతోలును పీకవద్దు. కింది పచ్చి చర్మానికి అదే కట్టు. తడిసిన సాక్స్ మార్చుకోండి, విప్పినవాటిని పిండి చొక్కా లోపల పొట్ట మీద పెట్టుకుంటే ఒంటి వేడికి కొంతైనా ఆరతాయి. మోకాలికి దిగువన ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే నొప్పి పుడుతూ, విశ్రాంతిలో కూడా అది తగ్గకపోతే ఎముకలో సన్నని చీలిక మొదలై ఉండవచ్చు. అలవాటు లేని బరువు, నడక ఒక్కసారిగా పెరిగినప్పుడు అది వస్తుంది. అటువంటి నొప్పిని ఓర్పుతో జయించలేరు, వైద్యుడికి చూపించాలి.

పాదాల గురించి ఇంత చెప్పడానికి మరొక కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల చల్లని నీటిలో రోజుల తరబడి నిలబడిన బ్రిటిష్ సైనికులకు పాదాలు మొద్దుబారి పాడైపోతున్నప్పుడు, సైన్యం చేసిన ఏర్పాట్లలో ఒకటి వారిని జతలుగా కూర్చి, ఒకరి పాదాలకు మరొకరిని బాధ్యులను చేయడం. తన పాదాలను తాను చూసుకోవడానికి బద్ధకించే అలసటలో కూడా మనిషి ఎదుటివారి పాదాలను చూస్తాడు. మా శిక్షణలోనూ మొదటి సుదీర్ఘ నడక ముగిసిన రాత్రి, పక్క మంచం అతను టార్చి వెలిగించి నా మడమను తన మోకాలి మీద పెట్టుకొని చూశాడు. నాకు కనబడని వైపున, మడమ వెనక, రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ ఉందని, దానికి ఒక అంచున తోలు ఉబ్బుతోందని చెప్పి, టేపును పళ్ళతో తెంచి వేశాడు. చెమట వాసన వచ్చే పాదాన్ని మరొకరి ఒడిలో పెట్టడానికి నాకు ఎంత సిగ్గు వేసిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ సిగ్గు పోయాక మా మధ్య దాచుకోవలసినది పెద్దగా మిగలలేదు. మీకు జత ఎవరినీ కేటాయించకపోయినా మీరే ఒకరిని అడగండి: "రాత్రికి నా పాదాలు ఒకసారి చూస్తావా? నీవి నేను చూస్తాను." ఇంతకంటే తేలికైన పరిచయ వాక్యం శిబిరంలో మరొకటి లేదు.

ఎండలో శ్రమ చేసేటప్పుడు కూడా ఇదే జత పద్ధతి ప్రాణం కాపాడుతుంది. వడదెబ్బ తగులుతున్న మనిషి తనకేమీ కాలేదనే అంటాడు, ఎందుకంటే ముందుగా మసకబారేది అతని తెలివే. పొంతన లేని మాట, అలవాటు లేని చిరాకు, తూలే నడక కనిపించినప్పుడు అతని మాట నమ్మవద్దు. వెంటనే శిక్షకుణ్ణి పిలిచి, నీడకు చేర్చి, మీద నీళ్ళు పోసి ఒంటిని చల్లబరచడం మొదలుపెట్టాలి. నీళ్ళు తాగడంలోనూ హద్దు ఉంది. అతిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదం వస్తుంది. అమెరికా సైన్యం తనవారికి పెట్టిన హద్దు గంటకు సుమారు 1.4 లీటర్లు. విపరీతమైన శ్రమ చేసిన తర్వాత మూత్రం డికాక్షన్ రంగులో వస్తే కండరాలు దెబ్బతిన్నాయని అనుమానించి ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి.

ఆయుధం గురించి శిక్షకులు చెప్పేదానికి నేను చేర్చగలిగింది కొంచెమే. విడదీసేటప్పుడు కింద లేతరంగు గుడ్డ పరిచి, తీసిన భాగాలను తీసిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి పెట్టండి. చిన్న స్ప్రింగులు, పిన్నులు దొర్లిపోయేది గుడ్డ లేని చోటే. మీరు ముగించాక పక్కవారి తుపాకీ గొట్టం లోపల మీరు, మీ గొట్టం లోపల వారు చూడండి. తమ పనిలోని మసిని ఎవరి కన్నూ సరిగా పట్టుకోదు.

మనుషులు దగ్గరయ్యే తీరు

తలలు ఒకేలా కత్తిరించి, బట్టలు ఒకేలా తొడిగినంత మాత్రాన మనుషులు ఒకటైపోరు. ఒక గదిలో విశ్వవిద్యాలయం సీటు చేతిలో పెట్టుకొని వచ్చినవారు, చదువు మానేసి పనిలోకి దిగినవారు, ఇంటికి సంపాదన తామే అయినవారు, ఇల్లంటేనే భయపడేవారు కలిసి పడుకుంటారు. స్వచ్ఛందంగా చేరిన సైనికులకు ఉండే ఉమ్మడి కోరిక కూడా ఇక్కడ ఉండదు. కొందరు గర్వంగా వస్తారు, కొందరు విధి అనుకొని వస్తారు, కొందరు కోపంతో వస్తారు. ఆ కోపాన్ని తప్పు పట్టవలసిన అవసరం లేదు, దాన్ని మార్చే బాధ్యతా మీది కాదు. మొదటి వారంలో పక్కవారిని అడగవలసిన ప్రశ్నలు చిన్నవి: రాత్రి నిద్ర పట్టిందా, ఏ పని కష్టంగా ఉంది, ఇంటి నుంచి కబురు వచ్చిందా. సంపాదన, మతం, రాజకీయాలు, ప్రేమ వ్యవహారాలు వారంతట వారు చెప్పేదాకా అడగవద్దు. ఇక్కడ తలుపు వేసుకొని వెళ్ళిపోవడానికి మరో గది ఉండదు కాబట్టి, ఒకసారి మాట తూలితే రోజుకు పన్నెండు గంటలు ఆ మాట ఎదురుగానే తిరుగుతుంది.

పేరుతో పిలవండి. శిబిరాల్లో ఎగతాళి పేర్లు తొందరగా పుడతాయి. తాము పెట్టుకున్నదో, తమకు నచ్చినదో అయితే సరే. పిలిచినప్పుడల్లా ముఖం ఒక్క క్షణం బిగుసుకుపోతూ, తర్వాత నవ్వుతున్నారంటే ఆ పేరు వారికి గుచ్చుకుంటోందన్నమాట. గదిలో ఒక్కరు అసలు పేరుతో పిలవడం మొదలుపెట్టినా మిగిలినవారిలో సగం మంది అందుకుంటారు.

ఫిర్యాదుల మాట కూడా చెప్పాలి. అందరూ గొణుగుతారు, గొణగాలి కూడా. కలిసి తిట్టుకోవడంలో ఒక ఊరట ఉంది, కొత్తవారిని దగ్గర చేసే శక్తీ దానికి ఉంది. అయితే లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా అదే పనిగా సాగే గొణుగుడు గదినంతా కిందికి లాగుతుంది. మా గదిలో ఎవరో ఒక పద్ధతి మొదలుపెట్టారు: బూట్లు పాలిష్ చేసే సాయంత్రపు అరగంటలో ఎవరు ఎంతైనా తిట్టవచ్చు, బ్రష్ పెట్టెలో పెట్టాక ఆపాలి. అది నియమంగా కాగితం మీద రాసుకున్నది కాదు గాని, శిక్షణ ముగిసేదాకా సాగింది. నా జీవితంలో అంత ఓపికగా ఒకరి మాట ఒకరు విన్న అరగంటలు తక్కువ.

అప్పు, అరువు దగ్గర స్పష్టంగా ఉండండి. డబ్బు తీసుకుంటే నోటు పుస్తకంలో తేదీతో రాసుకొని, చేతికి డబ్బు అందిన రోజే తిరిగి ఇవ్వండి. టేపు, దారం, పాలిష్ వంటివి లెక్క లేకుండా ఇచ్చిపుచ్చుకోవచ్చు. సైన్యం ఇచ్చిన సామాను మాత్రం వేరు. మీ సీసానో బెల్టో పోయినప్పుడు పక్క గది నుంచి ఒకటి తెచ్చుకోవడం చాలా చోట్ల మామూలు విషయంలా చలామణి అవుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు, పోయిందని చెప్పి వచ్చే శిక్ష భరించండి. మీరు తెచ్చుకున్న వస్తువు కోసం మరో గదిలో ఒకరు రాత్రంతా వెతుకుతూ ఉంటారు.

స్నేహం గాఢమయ్యేది మాత్రం కాపలా రాత్రుల్లోనే అని నా నమ్మకం. చాలా శిబిరాల్లో రెండు గంటల కాపలా, నాలుగు గంటల విశ్రాంతి అనే వంతు నడుస్తుంది. ఇద్దరిద్దరుగా నిలబెట్టే చోట, మాట్లాడకూడని వేళ మాట్లాడకండి, నిబంధన నిబంధనే. అయినా కాపలాకు వెళ్ళే ముందు కలిసి బూట్లు తొడుక్కునే ఐదు నిమిషాలు, వచ్చాక నిద్ర పట్టేలోపు గడిచే కొద్ది నిమిషాలు మీవే. మీ వంతు ముగిశాక తర్వాతి మనిషిని లేపే తీరులోనే మీ మంచితనం తెలుస్తుంది. దుప్పటి లాగకుండా, పేరు పెట్టి నెమ్మదిగా పిలిచి, బయట చలిగా ఉందో వానగా ఉందో చెప్పి, అతను లేచి కూర్చున్నాకే వెళ్ళండి. అలా లేపినవారిని ఎవరూ మరచిపోరు.

వెనకబడేవారి పక్కన నిలబడటం

ఒకరు తప్పు చేస్తే అందరి చేత పుష్-అప్‌లు తీయించడం శిక్షణలో మామూలే. రెండుసార్లు జరిగేసరికి గదిలోని కోపమంతా ఆ ఒక్కరి మీదకు తిరుగుతుంది. కోపం రావడం సహజం. దాన్ని పట్టుకొని కూర్చోవడం వల్ల మాత్రం మూడోసారి కూడా అదే జరుగుతుంది. ఆ మనిషి "పనికిరాడు" అనే మాటను పక్కన పెట్టి, సరిగ్గా ఏ పని దగ్గర ఆలస్యమవుతోందో ఒక ఉదయమంతా గమనించండి.

మా గదిలో ఒకతను ప్రతి ఉదయం ఆఖరున వరుసలోకి వచ్చేవాడు. బద్ధకం అన్నారు, పొగరు అన్నారు. తీరా చూస్తే అతనికి కళ్ళద్దాలు లేనిదే మూర దూరం ఆనదు. రాత్రి అద్దాలు పగలకుండా లాకరులో పెట్టి తాళం వేసేవాడు. ఉదయం ఆ చిన్న తాళం అంకెలు కనబడక, వంగి ముక్కు ఆనించి తిప్పేవాడు. అద్దాల పెట్టెకు ఒక తాడు కట్టి మంచం తలవైపు కమ్మీకి వేలాడదీశాం. మరుసటి వారం అతను వరుసలో మా మధ్యలో ఉన్నాడు. సమస్య అంత చిన్నదని చెప్పుకోవడానికి అతను సిగ్గుపడ్డాడు, అడగడానికి మాకు పది రోజులు పట్టింది. నేను ఇప్పటికీ బాధపడేది ఆ పది రోజుల గురించే.

అన్నీ తాడుతో తీరేవి కావు. పరుగులో వెనకబడేవారి ముందు పరుగెత్తి ఉత్సాహపరచడం కంటే, పక్కన అదే వేగంతో పరుగెత్తడం ఎక్కువ పనిచేస్తుంది. బరువు మోయలేనివారి మూటలో వదులుగా ఊగే వస్తువులను తీసి, బరువైనవి వీపుకు దగ్గరగా, భుజాల ఎత్తుకు వచ్చేలా సర్దిపెట్టండి. అదే బరువు తేలికగా అనిపిస్తుంది. అయితే మరొకరి పని మొత్తం మీరే చేసిపెట్టవద్దు. అలా చేస్తే అతను నేర్చుకోడు, ఇద్దరి మధ్యా ఒక ఎత్తుపల్లం ఏర్పడుతుంది. పక్కన కూర్చొని రెండుసార్లు చూపించి, మూడోసారి అతని చేతే చేయించండి.

బయటకు చెప్పి తీరవలసినవి

రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడిన జర్మన్ సైనికులను విచారించగా దొరికిన వివరాలను పరిశీలించి, ఎడ్వర్డ్ షిల్స్, మోరిస్ జానోవిట్జ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1948లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ సైనికులను చివరిదాకా నిలబెట్టింది సిద్ధాంతం కంటే తమ చిన్న దళంతో ఉన్న అనుబంధమేనని వారి వాదన. సిద్ధాంతం పాత్రను వారు తక్కువ చేశారని తర్వాతి చరిత్రకారులు కొందరు విమర్శించారు గాని, చిన్న దళం బలమెంతటిదో కాదన్నవారు తక్కువ. ఆ బలాన్ని మంచికైనా చెడుకైనా వాడుకోవచ్చునన్నది కూడా ఆ ఉదాహరణలోనే ఉంది. "మనవాళ్ళం, బయట చెప్పకూడదు" అనే మాట బారక్‌లో తప్పును కూడా అంతే గట్టిగా కాపాడుతుంది. సోవియట్ కాలం నుంచి రష్యా సైన్యంలో సీనియర్లు కొత్తవారిని హింసించే ఆచారానికి దెదోవ్‌షినా అనే పేరే స్థిరపడింది. కొట్టడం, అవమానించడం, నిద్ర లేకుండా చేసి తమ పనులు చేయించుకోవడం ఎవరు చేసినా అది శిక్షణలో భాగం కాదు. తేదీ, వేళ, చోటు, చూసినవారి పేర్లు రాసుకొని పై అధికారికి, ఆయన పట్టించుకోకపోతే మీ దేశంలో అందుకు ఏర్పాటైన విభాగానికి చెప్పండి. బాధితుడు మీరు కాకపోతే అతనితో కలిసి వెళ్ళండి. ఇద్దరు గుమ్మంలో నిలబడితే ఫిర్యాదుకు బరువు వస్తుంది.

ఇంకొక మాటను ఎట్టి పరిస్థితిలోనూ రహస్యంగా ఉంచకూడదు. స్నేహితుడు బతకాలని లేదని అన్నా, తన వస్తువులను ఉన్నట్టుండి పంచిపెడుతున్నా, అంతవరకు ఏడ్చినవాడు కారణం లేకుండా నిశ్చింతగా మారినా తేలిగ్గా తీసుకోవద్దు. అతన్ని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అతన్ని ఒంటరిగా వదలకుండా, ఆ క్షణమే శిక్షకుడికో వైద్యుడికో తెలియజేయండి. చేతికి ఆయుధం అందే చోట మీరు ఉన్నారన్నది మరచిపోవద్దు. "ఎవరికీ చెప్పనని మాట ఇచ్చావు" అని అతను కోప్పడవచ్చు. ఆ కోపాన్ని భరించండి, అతను బతికి ఉండి మీతో మాట్లాడటం మానేసినా సరే.

ఇల్లు, సెలవు

ఫోన్ ఎప్పుడు చేతికి ఇస్తారన్నది ఆయా సైన్యాల నిబంధనలను బట్టి ఉంటుంది. దక్షిణ కొరియాలో విధులు ముగిశాక సైనికులు ఫోన్ వాడుకోవడానికి ప్రయోగాత్మకంగా 2019లో, పూర్తిస్థాయిలో 2020లో అనుమతించారు. దొరికిన నిమిషాలు కొద్దివే అయితే ఇంటికి చెప్పవలసిన మూడు సంగతులను ముందే రాసుకోండి. అలసట నెత్తికెక్కిన రాత్రి మాట్లాడితే గోరంత సంగతి కొండంతగా వినిపించి, తల్లిదండ్రులకు ఆ వారమంతా నిద్ర ఉండదు; వీలైతే పొద్దుటి వేళ మాట్లాడండి.

మొదటి సెలవులో నిద్రపోండి, బట్టలు ఉతుక్కోండి, పాత స్నేహితులను కలవండి. వారికి మీ మాటలు అర్థం కావడం లేదని అనిపిస్తే చిన్నబుచ్చుకోవద్దు, వారి జీవితం ఆగిపోలేదు కదా. గదిలో సెలవుకు వెళ్ళడానికి ఇల్లు లేనివారో, ఇల్లు చాలా దూరమైనవారో ఉంటే ఆ మాట ముందే కనుక్కొని, ఒక పూటైనా మీతో రమ్మనండి. అందరి ముందు అడగకుండా, పరుపు సర్దుకునేటప్పుడు పక్కనుంచి అడగండి.

శిక్షణ ముగిసేటప్పుడు

తొలి శిక్షణ అయ్యాక గదిలోని వారిని వేర్వేరు దళాలకు పంపుతారు. ఎవరు ఎక్కడికన్నది తరచుగా చివరి రోజుల్లోనే తెలుస్తుంది, తెలిశాక మాట్లాడుకోవడానికి తీరిక దొరకదు. కాబట్టి చివరి వారం మొదట్లోనే ఒక కాగితం మంచం నుంచి మంచానికి తిప్పండి. పేరు, ఫోన్ నంబరుతో పాటు ఇంటి చిరునామా కూడా రాయించుకోండి. ఫోన్ నంబర్లు మారతాయి, తల్లిదండ్రుల ఇల్లు అంత తొందరగా మారదు. స్విట్జర్లాండ్, ఫిన్లాండ్, సింగపూర్ వంటి దేశాల్లో సేవ ముగిశాక కూడా రిజర్వు శిక్షణకు పిలుస్తారు కాబట్టి, కొందరు మీకు మళ్ళీ అదే యూనిఫాంలో ఎదురుపడవచ్చు. మిగిలినవారిలో అందరితోనూ స్నేహం నిలవదు. కష్టం పంచుకున్నప్పుడు విడదీయలేనంత దగ్గరైనవారితో, కష్టం లేనప్పుడు మాట్లాడటానికి ఏమీ దొరకకపోవడం నాకూ ఎదురైంది. అందువల్ల అప్పటి స్నేహం అబద్ధమైపోదు. నిలుపుకోవాలనుకున్న ఇద్దరు ముగ్గురితో మొదటి నెలలోనే ఒకసారి కలిసే రోజును ఖాయం చేసుకోండి; "ఎప్పుడైనా కలుద్దాం" అనుకున్నవారు కలవలేదు.

సామాను అప్పగించే ముందు రాత్రి జాబితా పట్టుకొని జతలుగా లెక్క చూసుకోండి. ఒకరు చదువుతుంటే మరొకరు వస్తువును చేతిలోకి తీసుకొని చూపించాలి, కళ్ళతో లెక్కపెడితే తప్పుతుంది. అరువు తెచ్చుకున్న సూది, దారం, సగం వాడిన పాలిష్ డబ్బా వారి వారికి ఆ రాత్రే ఇచ్చేయండి. ఉదయం మంచాల మీద దుప్పట్లు ఉండవు, పరుపులు చుట్టి ఉంటాయి, అందరూ ఒకేసారి గుమ్మం వైపు కదులుతారు. మా గదిలో ఆ రాత్రి లెక్క ముగిసేసరికి అందరి సామానూ సరిపోయింది. పక్క మంచం అతను తన టేపు చుట్టలో మిగిలిన నాలుగంగుళాల ముక్కను తెంచి నా నోటు పుస్తకం అట్ట లోపల అతికించి, దాని మీద తన ఇంటి చిరునామా రాశాడు.